కెమెరా పనిచేయని ఫోను

మామయ్యకు పక్షవాతం వచ్చిన సంవత్సరం నేను ఉద్యోగం మానేశాను. అప్పటికి పదకొండేళ్ళుగా అద్దంకిలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతూ, రోజూ ఊరి నుంచి బస్సులో వెళ్ళి వస్తుండేదాన్ని. మా ఆయన చీమకుర్తిలో గ్రానైటు కోసే యూనిట్లో పని చేస్తారు. అక్కడే మరో ముగ్గురితో కలిసి గది తీసుకుని ఉండి, శనివారం సాయంత్రం ఇంటికి వచ్చి సోమవారం పొద్దున్నే వెళతారు. మాకు పిల్లలు లేరు. అత్తయ్య పోయి చాలాకాలమైంది. వారంలో మిగతా రోజులన్నీ ఇంట్లో ఉండేది నేనూ మామయ్యా ఇద్దరమే.

మామయ్య మిషను ఎలిమెంటరీ స్కూల్లో పంతులుగా చేసి రిటైరయ్యారు. ఆదివారం ఆరాధనలో వాక్యం చదివేది ఆయనే. పెద్ద గొంతు. ఒక ఉదయం పళ్ళు తోముకుంటూ అరుగు మీద ఒరిగిపోయారు. కుడిచేయి, కుడికాలు, మాట, మూడూ ఒక్కసారే పోయాయి. గుంటూరు ఆసుపత్రిలో పన్నెండు రోజులుండి వచ్చాక కాలు కొంచెం తిరిగింది. కర్ర పట్టుకుని గదిలో నడవగలిగేవారు. చేయి రాలేదు. మాట రాలేదు. మేం చెప్పేదంతా ఆయనకు అర్థమయ్యేది. జవాబు ఎడమచేత్తో పలక మీద రాసేవారు. అక్షరాలు వంకరగా ఉండేవి కానీ తప్పులు ఉండేవి కావు.

ఆయన దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. మా ఆయన జీతం నా జీతానికి రెండింతలు కాబట్టి ఆ ఎవరో ఒకరు నేనే అయ్యాను. దాని గురించి ఇంట్లో ఎవరూ కూర్చుని మాట్లాడుకోలేదు.

ఆరు నెలల తర్వాత, స్కూల్లో నాతోపాటు లెక్కలు చెప్పిన టీచరు ఫోన్ చేసింది. ఆవిడ అప్పటికి విజయవాడ వెళ్ళిపోయి ఇంట్లో కూర్చుని చేసే పనేదో చూసుకుంది.

"మనుషులు మాట్లాడిన రికార్డింగులు వస్తాయి టీచర్. విని తెలుగులో టైపు చేయాలి. మీరు ఖాళీగానే ఉంటున్నారుగా, చేస్తారా?"

పొద్దున్నే మామయ్యకు స్నానం, టిఫిను, మందులు, చేతికీ కాలికీ వ్యాయామం, మళ్ళీ అన్నం. అయినా చేస్తానన్నాను. ఆవిడ తన తమ్ముడు పక్కన పడేసిన లాప్‌టాప్ ఒకటి బస్సు పార్సిల్లో పంపింది. బరువైనది. కరెంటు తీసేస్తే ఇరవై నిమిషాలకు మించి ఆగేది కాదు. మిగతా అంతా బాగానే ఉంది.

పని మొత్తం వెబ్‌సైట్లోనే జరగాలి. విన్నదీ టైపు చేసిందీ అక్కడే ఉంటుంది. మధ్యలో నెట్ పోయి కొన్ని నిమిషాల్లో తిరిగి రాకపోతే ఆ ఫైలు ఇంకొకరికి వెళ్ళిపోతుంది, మనం చేసినంతా పోతుంది. పనిలోకి తీసుకునే ముందు మూడు గంటల పరీక్ష ఒకటి ఉంటుంది. ఒకే విడతలో లేవకుండా పూర్తి చేయాలి.

మా ఇంటికి నెట్ లేదు. ఊళ్ళో వైరు నెట్ పాల కేంద్రం దాకా వచ్చి ఆగింది. మా చర్చి బజారు వాగుకు ఇవతల. కేబుల్ అతన్ని అడిగితే, "పది కనెక్షన్లు రాయించండి మేడమ్, స్తంభాలు వేయిస్తాం" అన్నాడు. బజారంతా తిరిగాను. నలుగురు ఒప్పుకున్నారు. మిగతావాళ్ళు పొద్దున్నే మిరప కోతకో పత్తి తీతకో వెళ్ళి పొద్దుగూకాక వచ్చేవాళ్ళు. చేతిలో ఫోను ఉండగా గోడకు వైరు ఎందుకన్నారు. వాళ్ళ వైపు నుంచి చూస్తే అది సరైన మాటే.

కాబట్టి నాకూ ఫోనే మిగిలింది. నా దగ్గర నాలుగేళ్ళ కిందటి చిన్న ఫోను ఉండేది. దాని హాట్‌స్పాట్ పెట్టి లాప్‌టాప్‌కు నెట్ ఇచ్చి పరీక్ష మొదలుపెట్టాను. పావుగంటకు ఫోను కాలిపోవడం మొదలైంది. ఇంకో పది నిమిషాలకు వేడి ఎక్కువైందని తెర మీద రాసి, హాట్‌స్పాట్ దానంతటదే ఆగిపోయింది. పరుగెత్తి తడిగుడ్డ తెచ్చి చుట్టాను. తర్వాత నీళ్ళ కుండ మూత మీద పెట్టాను. కోతకు వెళుతూ మంచినీళ్ళు అడగడానికి వచ్చిన పక్కింటావిడ గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏంది టీచరమ్మా, ఫోనుకు జొరమొచ్చిందా? తడిగుడ్డ ఏశావు!"

మామయ్య మంచం మీద నుంచి శబ్దం లేకుండా నవ్వారు. కుండ మూత మీద నలభై నిమిషాలు నడిచింది. తర్వాత మళ్ళీ ఆగింది. పరీక్ష పోయింది.

లెక్కల టీచరు పైవాళ్ళతో మాట్లాడి ఇంకోసారి రాసే అవకాశం ఇప్పించింది. నెలన్నర గడువు. ఈసారి పోతే ఇక లేదని స్పష్టంగా చెప్పింది.

ఆ ఆదివారం మా ఆయనతో విషయం చెప్పాను. ఆయన వెంటనే ఒప్పుకున్నారు.

"పదివేల లోపు చూసుకుందాం. కెమెరా మాత్రం బాగుండాలి. నీ పాతది నాకిచ్చెయ్."

"నాకు కావాల్సింది కెమెరా కాదండీ. లాప్‌టాప్‌కు నెట్ ఇస్తూ మూడు నాలుగు గంటలు ఆగాలి."

"ఎట్టాగూ కొంటున్నప్పుడు కెమెరా కూడా బాగున్నది కొంటే పోలా?"

ఆయన మాటలో తప్పేమీ లేదు. పక్కింటావిడను మామయ్య దగ్గర కూర్చోబెట్టి ఇద్దరం ఒంగోలు వెళ్ళాం. నేను అడగాల్సినవి కాగితం మీద రాసుకున్నాను. పెద్ద షాపు. ఏసీ. అమ్మే అతను మెడలో కార్డు వేసుకుని మర్యాదగా ఉన్నాడు. మా ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఒక ఫోనుతో ఫోటో తీసి చూపించాడు. ఫోటోలో మా వెనక ఉన్న షాపంతా మసగ్గా, మేం మాత్రం పెళ్ళికి వెళుతున్నట్టు ఉన్నాం. మా ఆయనకు నచ్చింది.

నేను కాగితం తీశాను. "హాట్‌స్పాట్ పెడితే ఇది ఎంతసేపు ఆగుతుందండీ?"

"హాట్‌స్పాట్ అన్నిట్లో వస్తుంది మేడమ్."

"వస్తుంది. ఎంతసేపు? నాలుగు గంటలు పెడితే వేడెక్కదా?"

"ఇది ఫైవ్ జీ మేడమ్. స్పీడు ఉంటుంది."

"మా ఊళ్ళో ఫైవ్ జీ రాదు."

"వచ్చేస్తుంది మేడమ్."

ఇంకో రెండు షాపులు తిరిగాం. అన్నిచోట్లా అదే వరుస. కెమెరా, రంగు, వెనక అద్దం మెరుపు, వాయిదాలు. నా ప్రశ్నకు ఎవరూ అబద్ధం చెప్పలేదు. వాళ్ళను అంతకుముందు ఆ ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేదు. కొనకుండా తిరిగి వచ్చాం. బస్సులో మా ఆయన కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. అద్దంకి దాటాక, "నీకు ఏదీ నచ్చదు" అన్నారు.

ఇంటికి వచ్చాక జరిగిందంతా మామయ్యకు చెప్పాను. ఆయన పలక తీసుకుని చాలాసేపు రాశారు. "ముందు ఏ సిమ్ము పడుతుందో చూడు. ఫోను తర్వాత."

నాకు తట్టని మాట అది. మా బజారులో మూడు రకాల సిమ్ములు వాడతారు. మర్నాడు పక్కింటావిడ ఫోను, పాస్టరు గారి ఫోను, నా ఫోను మూడూ తెచ్చి ఇల్లంతా తిరగడం మొదలుపెట్టాను. ఒక్కోచోట ఒక నిమిషం నిలబడి సిగ్నలు గీతలు చూసి, ఇక్కడ రాదు అని పక్కకు జరిగేదాన్ని. మామయ్య కర్ర నేలకేసి కొట్టారు. పలక మీద ఒకే మాట రాశారు. "ఆగు."

ఆయన బడిలో చేసే రోజుల్లో పిల్లలకు పాఠాలు వినిపించడానికి ఒక రేడియో ఉండేదట. అది ఎక్కడ పడుతుందో వెతకడం ఆయన పని. ఒకచోట పెట్టి, కదలకుండా, గాలి మారేదాకా చూసేవారట. ఇదంతా ఆయన ముక్కలు ముక్కలుగా రాస్తే నేను కూడగట్టుకున్నాను. సెలవుల్లో ఇంటికి తెస్తే ఆ రేడియో మా ఇంట్లో తూర్పు కిటికీ దగ్గర బాగా పట్టేదని, ముందు అక్కడ చూడమన్నారు. చూశాను. ఆ కిటికీ దగ్గర మూడు ఫోన్లలో ఏదీ పట్టలేదు. ఆయన దాన్ని పట్టించుకోకుండా తర్వాతి చోటు చూపించారు.

రెండు రోజులు ఆయన కుర్చీలో కూర్చుని, ఎదుట పీట మీద మూడు ఫోన్లూ వరసగా పెట్టుకుని చూశారు. గంటగంటకూ నేను కుర్చీ జరిపేదాన్ని. ఏ ఫోను ఎప్పుడు తగ్గిందో, ఎప్పుడు పెరిగిందో పలక మీద గుర్తులు పెట్టేవారు. పలక నిండితే నేను కాగితం మీదకు ఎక్కించేదాన్ని. సాయంత్రం అయిదు దాటితే కోతల నుంచి అందరూ ఇళ్ళకు వచ్చి ఫోన్లు తీస్తారు కాబట్టి అన్నిటికీ నెట్ తగ్గేది. పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు వరకు పాస్టరు గారి సిమ్ము మాత్రం వంటింటి వెనక కిటికీ దగ్గర నిలకడగా ఉండేది. గీతలు రెండే. కానీ ఆ రెండూ పోయేవి కావు. నా ఫోనుకు నాలుగు గీతలు వచ్చేవి, పోయేవి, మళ్ళీ వచ్చేవి. అన్నేళ్ళు నేను నాలుగు గీతలను చూసి మోసపోతున్నానని అప్పుడు తెలిసింది. అద్దంకి వెళ్ళి పాస్టరు గారు వాడే సిమ్ము ఒకటి తీసుకున్నాను.

మామయ్యను మూడు నెలలకోసారి గుంటూరు తీసుకెళ్ళి చూపించాలి. ఆ నెలలో ఆ రోజు వచ్చింది. అక్కడ ఫోను కూడా చూద్దామని కొత్త సిమ్ము, లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని బయలుదేరాను. మిర్చి సీజను. చిలకలూరిపేట దాటినప్పటి నుంచి బస్సు ముందూ వెనకా బస్తాల లారీలే. గుంటూరులోకి వచ్చేసరికి ఆ ఘాటుకు బస్సులో సగం మంది దగ్గుతున్నారు. ఆసుపత్రిలో డాక్టరు గారు అన్నీ చూసి, చేయి సంగతి చెప్పలేం కానీ మాట రావచ్చన్నారు. రోజూ ఆయన చేత మాట్లాడించమన్నారు. అమ్మ, ఆవు, ఇల్లు అంటూ చిన్న మాటలు పలికించే కాగితం ఒకటి ఇచ్చారు. ఇంతకుముందూ అలాంటిదే ఇచ్చారు. ముప్పై ఏళ్ళు పిల్లల చేత అవే మాటలు పలికించిన మనిషి వాటిని నోట పెట్టడానికి ఒప్పుకోలేదు. కాగితం చూసి ముఖం తిప్పుకునేవారు.

బస్టాండు దగ్గర ఒక సందులో ఫోన్లు బాగుచేసే దుకాణాలు వరసగా ఉన్నాయి. మెట్లు లేని దుకాణం కోసం చూస్తూ, మామయ్య లోపలికి రాగలిగిన దాని ముందు ఆగాను. యాభై ఏళ్ళ మనిషి ఒకాయన కళ్ళజోడు నుదుటి మీదకు తోసి, విప్పిన ఫోను మీదకు వంగి ఉన్నాడు. మామయ్యను చూసి లేచి ప్లాస్టిక్ కుర్చీ వేశాడు.

"సెకండ్ హ్యాండ్ ఫోన్లు ఉంటాయాండీ?"

"ఉంటాయమ్మా. దేనికి?"

ఆ ప్రశ్న అడిగినవాడు అతనొక్కడే. చెప్పాను. సిమ్ము ఏదో, ఊరు ఏ వైపో, ఇంట్లో ఎక్కడ పడుతుందో కూడా చెప్పాను. కాగితం మీద ఎక్కించిన గుర్తులు చూపించాను. అతను కళ్ళజోడు కిందికి దింపుకుని కాగితం పూర్తిగా చదివాడు.

"ఇది ఎవరు రాశారు?"

"మా మామగారు చూసి చెప్పారు. నేను రాశాను."

అతను మామయ్య వైపు చూసి తల ఊపాడు. నేను అద్దాల పెట్టెలో ఉన్న నీలం ఫోను చూపించి అది ఎలా ఉంటుందని అడిగాను.

"చూడ్డానికి బాగుంటదమ్మా. మీ పనికి రాదు. పల్చగా ఉంది చూశారా, వేడి పోయే దారి లేదు. ఇంకోటి, పల్లెల్లో ఈ సిమ్ముకు సిగ్నలు వచ్చే బ్యాండు దీంట్లో లేదు. టౌనులో బ్రహ్మాండంగా ఉంటది, మీ ఊరు పోయాక పడదు. అప్పుడు నన్ను తిట్టుకుంటారు."

అని కింద సొరుగులోంచి ఒక నల్ల ఫోను తీశాడు. మందంగా, బరువుగా ఉంది. వెనక కెమెరా ఉండాల్సిన చోట అద్దం పగిలి, ఆ పగులు మీద టేపు అంటించి ఉంది.

"ఎవరో బండి మీద నుంచి పడేశారు. కెమెరా పోయింది. వెనకదీ పోయింది, ముందుదీ పోయింది. అది మార్చాలంటే ఫోను కంటే ఎక్కువవుద్ది. ఎనిమిది నెలల నుంచి ఇక్కడే ఉంది. ఫోటో రాని ఫోను ఫోనే కాదంటారు జనం. మిగతా బోర్డంతా బాగుంది. బ్యాటరీ నేనే కొత్తది ఏశా."

ధర చెప్పాడు. మేం అనుకున్నదాంట్లో మూడో వంతు కంటే తక్కువ. అంత తక్కువ అనేసరికి నాకు అనుమానం వచ్చింది. అది నా ముఖంలో కనిపించిందేమో, అతనే అన్నాడు.

"మీ లాప్‌టాప్ తెచ్చారుగా. ఇక్కడే పెట్టి చూసుకోండి. రెండు గంటలు కూర్చోండి. నాకేం ఇబ్బంది లేదు."

లాప్‌టాప్‌ను అతని బల్ల పక్కనున్న కరెంటు ప్లగ్గుకు పెట్టి, సిమ్ము వేశాం. నేను హాట్‌స్పాట్ పెట్టబోతుంటే ఆపి, ఒక వైరు తీసిచ్చాడు.

"గాల్లో ఎందుకమ్మా, వైరుతో కలపండి. వేడి తగ్గుద్ది. ఇదిగో, ఈ వైరే పెట్టాలి. మీ సంచిలో ఉంది చూశారా, అది చార్జింగుకు తప్ప దేనికీ పనికిరాదు."

ఇన్నేళ్ళు ఫోను వాడుతూ వైరుతో లాప్‌టాప్‌కు నెట్ ఇవ్వొచ్చని నాకు తెలియదు. పొడుగాటి వీడియో ఒకటి పెట్టి, దాని పక్కనే ఇంకోటి తెరిచి, స్టూలు మీద కూర్చున్నాను. అతను తన పనిలో పడ్డాడు. కాసేపటికి ఫోను బల్ల మీద అడ్డమొస్తే, తీసి దగ్గరలో ఉన్న మామయ్య కుడి అరచేతిలో పెట్టాడు.

"ఆ చేతికి స్పర్శ లేదండీ" అన్నాను.

అతను నొచ్చుకుని తీసుకోబోయాడు. అప్పటికే మామయ్య ఎడమచేత్తో దాన్ని అందుకుని, వైరు లాగకుండా సర్దుకుని, గుప్పిట్లో పెట్టుకున్నారు. అలా ముప్పావుగంట పైన పట్టుకునే ఉన్నారు. నేను తెర మీద వీడియో ఎక్కడైనా ఆగుతుందేమోనని చూస్తున్నాను. సందులో టీ తెప్పించి మా ఇద్దరికీ ఇప్పించాడు అతను. మామయ్యకు నేను పట్టించాను. గ్లాసు తీసేశాక అతను అడిగాడు.

"పెద్దాయనా, కాలతందా?"

"లే… దు" అన్నారు మామయ్య.

అతనికి అది మామూలు జవాబు. సరేనని తల ఊపి మళ్ళీ పనిలోకి వంగాడు. ఏడు నెలల్లో మామయ్య నోటి నుంచి అర్థమున్న మాట రావడం అదే మొదటిసారని అతనికి ఎలా తెలుస్తుంది? నేను ఏమైనా అంటే ఆయన మళ్ళీ ముఖం తిప్పుకుంటారని భయం. తెర వైపే చూస్తూ కూర్చున్నాను. చాలాసేపు అందులో ఏం కనిపిస్తోందో నాకు తెలియలేదు.

రెండు గంటలూ అయ్యాయి. వీడియో ఎక్కడా ఆగలేదు. ఫోను మామయ్య చేతి వెచ్చదనం కంటే కొంచెం ఎక్కువగా ఉంది, అంతే. డబ్బులిచ్చి తీసుకున్నాను. అతను వైరుకు డబ్బులు తీసుకోలేదు.

"ఇంటికాడ పడకపోతే తెచ్చి ఇచ్చెయ్యండి. పెద్దాయన్ని మాత్రం మళ్ళీ ఈ ఘాటులో తిప్పొద్దు, బస్సు డ్రైవరుకిచ్చి పంపండి" అన్నాడు.

వంటింటి వెనక కిటికీ దగ్గర బల్ల వేసి, ఫోనుకు చిన్న మేకుల మధ్య ఒక తావు చేసి నిలబెట్టాను. రెండు గీతలు వచ్చాయి. వారం రోజులు పొద్దున తొమ్మిది నుంచి మూడు దాకా పెట్టి చూశాను. ఒక్కసారి కూడా ఆగలేదు.

పరీక్ష రోజు పక్కింటావిడను కోత మానిపించి మామయ్య దగ్గర కూర్చోబెట్టాను. ఆ రోజు కూలి నేనే ఇస్తానంటే వద్దంది. "నీ ఫోనుకు జొరమొస్తే నేనుంటాలే" అంది. పదింటికి మొదలుపెట్టాను. మొదటి రెండు ఫైళ్ళూ నడిచాయి. చివరిది సగంలో ఉండగా కరెంటు పోయింది. ఫాను ఆగిన చప్పుడుకు తల ఎత్తాను. లాప్‌టాప్‌లో ఇరవై నిమిషాలు. అందులోంచి వైరు గుండా ఫోను కూడా చార్జింగు తాగుతోంది. అంటే ఇరవై కూడా ఉండవు. వైరు పీకేస్తే నెట్ పోతుంది. ముందు ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి, లాప్‌టాప్ దాన్ని అందుకునేదాకా ఆగి, అప్పుడు వైరు తీశాను. తెర వెలుతురు తగ్గించాను. చెమట చేతివేళ్ళ మీదకు కారుతుంటే పక్కింటావిడ అడక్కుండానే వచ్చి విసనకర్రతో విసిరింది. చివరి వాక్యం టైపు చేసి పంపేసరికి లాప్‌టాప్‌లో నాలుగు శాతం మిగిలింది. పంపినట్టు తెర మీద కనిపించాక మూత వేసేశాను. పదకొండు రోజులకు పాసయ్యానని కబురొచ్చింది.

మా ఆయన ఫోను చూసి, వెనక టేపు చూసి, "ఇదా?" అన్నారు. తర్వాతి సంవత్సరం పండగ బోనసుతో ఆయనే మంచి కెమెరా ఉన్న ఫోను కొనుక్కున్నారు. యూనిట్లో కొత్త రాయి కోసినప్పుడల్లా దాని మీద గీతలు, మరకలు ఫోటో తీసి నాకు పంపేవారు. నాకు వాటిల్లో పెద్ద తేడా తెలిసేది కాదు. బాగుందనేదాన్ని.

పని మొదలయ్యాక నేను అనుకోని విషయం ఒకటి జరిగింది. రికార్డింగుల్లో అన్ని జిల్లాల మనుషులూ ఉండేవాళ్ళు. రైతులు, నర్సులు, చీరలు అమ్మేవాళ్ళు, బస్సు కండక్టర్లు. వాళ్ళు ఎలా పలికితే అలా రాయాలి, సరిదిద్దకూడదు. రికార్డింగు ఎవరికీ వినిపించకూడదు కాబట్టి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకునేదాన్ని. కానీ పదకొండేళ్ళు క్లాసులో డిక్టేషను చెప్పిన అలవాటు. వాక్యం విని, పైకి ఒకసారి నిదానంగా అనుకుని అప్పుడు టైపు చేసేదాన్ని. ఊళ్ళపేర్లు, మనుషుల పేర్లు వస్తే మాత్రం లోలోపలే అనుకునేదాన్ని.

మామయ్య కుర్చీ నా వెనక గుమ్మం దగ్గర ఉండేది. ఒకరోజు హెడ్‌ఫోన్లు తీసి నీళ్ళు తాగుతుంటే వెనక నుంచి గొణుగుడు వినిపించింది. నేను అంతకుముందు పైకి అన్న వాక్యంలోని చివరి రెండు మాటలు. ఆయన వాటిని పట్టుకుని, జారిపోతుంటే మళ్ళీ మొదలుపెడుతున్నారు. నేను తిరిగి చూడలేదు. హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకుని, ఒక చెవి మీద నుంచి కొంచెం పక్కకు జరిపి, తర్వాతి వాక్యం ఇంకా నిదానంగా అన్నాను. చిన్న మాటల కాగితాన్ని తిప్పికొట్టిన మనిషి వీటిని ఎందుకు పలికారో నేను అడగలేదు. ఎవరూ ఆయనకు నేర్పడం లేదు, బహుశా అందుకే. నేను నా పని చేసుకుంటున్నాను, ఆయన ఆయన పని చేసుకుంటున్నారు.

రోజూ అయిదారు గంటలు అలా నడిచేది. ముందు చివరి మాట. నెలకు చివరి రెండు మూడు. ఎండలు ముదిరేసరికి చిన్న వాక్యం మొత్తం. గొంతు మునుపటిది కాదు, సన్నగా, మధ్యమధ్య గాలి పోతూ ఉండేది. డాక్టరు గారు విని, ఏం చేయించారని అడిగారు. టైపు పని చేసుకుంటున్నానని చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు, నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.

ఆ సంవత్సరం వానలు మొదలైన రోజుల్లో, కడప వైపు ఆడవాళ్ళు వంటల గురించి మాట్లాడుకున్న ఫైళ్ళు వరసగా రెండు వారాలు వచ్చాయి. ఒక మధ్యాహ్నం నేను చివరి పది నిమిషాలు పూర్తి చేసే తొందరలో ఉన్నాను. వంటింట్లో పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి మరిచిపోయాను. వెనక నుంచి మామయ్య పిలిచారు.

"అమ్మాయ్, పాలు దింపినావా?"

మా ఇంట్లో, మా ఊళ్ళో ఎవరూ దింపినావా అనరు. దించావా అంటారు. ఆయనకు ఆ తేడా తెలిసినట్టు లేదు. పాలు పొంగి పొయ్యి చుట్టూ కారుతున్నాయి. లేచి పరుగెత్తి దించాను. తుడుచుకుంటూ అక్కడి నుంచే, "దించాను మామయ్యా, సగం పోయాయి" అన్నాను.

"పోనీలే" అన్నారు ఆయన. "మిగిలినవి తీసుకురా, తాగుదాం."